కథలో అడిగిన న్యాయం

లేని మనిషిని ఇష్టపడటం తప్పా? చిత్రంగా ఈ ప్రశ్న ఎక్కువగా ఆడపాఠకులకే ఎదురవుతుంది. సినిమా రిలీజు రోజున కటౌట్‌కి పాలాభిషేకం చేసే కుర్రాళ్ళని వెక్కిరిస్తామేమో గానీ, చివరికి వాళ్ళని ఒక సామాజిక శక్తిగానే లెక్కవేస్తాం. చిరంజీవి సినిమాల మీదా, అభిమానుల మీదా ఎస్.వి. శ్రీనివాస్ 2009లో తెచ్చిన పుస్తకం వాళ్ళ ప్రవర్తనని రాజకీయంగా అర్థం చేసుకోవలసిన విషయంగానే చూసింది. ఒక అమ్మాయి సీరియల్లో తరువాతి భాగం కోసం వారమంతా ఎదురుచూస్తే మాత్రం అది పిచ్చి, పగటికల, కాలక్షేపం. మగవాడి అభిమానం వీధిలో ఉంటుంది, దానికి జెండా ఉంటుంది. ఆడదాని అభిమానం వంటింటి గూట్లో, దిండు కింద ఉంటుంది. దానికి దక్కేది సంజాయిషీ ఇచ్చుకోవలసిన స్థితి ఒక్కటే.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' వచ్చిన 1960ల నుంచి వారపత్రికలూ, అద్దెపుస్తకాల షాపులూ కలిసి తెలుగునాట పెద్ద పాఠకురాళ్ళ సమూహాన్ని తయారుచేశాయి. జయంతి ఆత్మాభిమానం, రాజశేఖరం హుందాతనం ఇంటింటి మాటలయ్యాయి. అభ్యుదయ విమర్శ ఈ నవలల్ని కలల వ్యాపారమంది. స్త్రీవాదులం మనమూ ఇంచుమించు ఆ మాటే అన్నాం. కారున్న ఆరడుగుల అందగాడు వచ్చి సమస్యలన్నీ తీర్చేస్తే పితృస్వామ్యానికి వచ్చే నష్టమేముంది? ఆ విమర్శలో నిజముంది. కానీ అది పుస్తకాన్ని చదివినంత శ్రద్ధగా పాఠకురాలిని చదవలేదు.

మా పెద్దమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత కేలండర్ కాగితం అట్టగా వేసి దాచుకునేది. అలాంటివి నాలుగైదు నా దగ్గరకొచ్చాయి. వాటి అంచుల్లో పెన్సిల్‌తో చిన్నచిన్న మాటలున్నాయి. 'ఏమీ అడక్కుండానే క్షమించెయ్యడమేమిటి?' 'ఇతను తప్పు ఒప్పుకోలేదు, బహుమతి ఇచ్చాడంతే.' 'ఈ ఉత్తరం ఇప్పుడు రాయకూడదు.' ఇవి కలలో తేలిపోతున్న మనిషి మాటల్లా లేవు. తీర్పు చెబుతున్న మనిషి మాటలివి. అదే పెద్దమ్మ, పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర పొలాన్ని ఇంట్లోవాళ్ళు అమ్మేసినప్పుడు, చూపించినచోట సంతకం పెట్టింది. ఎందుకమ్ముతున్నారని అడగలేదు. జీవితాంతం అడగలేదు.

నన్ను వదలని ప్రశ్న ఇక్కడుంది. కథలో అంత కచ్చితంగా న్యాయం అడిగిన మనిషి ఇంట్లో ఎందుకు అడగలేకపోయింది? కథ ఆమెకి మాట నేర్పిందా, లేక మాట అక్కడే ఖర్చయిపోయేలా చేసిందా?

అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అనే అధ్యయనం ప్రచురించింది. ఒక పట్టణంలో ప్రేమనవలలు చదివే గృహిణులతో మాట్లాడి రాసిన పుస్తకం అది. కథలో ఏముందన్నదానికన్నా, పుస్తకం పట్టుకుని కూర్చోవడమే ఆ స్త్రీలకి ముఖ్యమని ఆమె గమనించింది. 'ఈ గంటసేపు నేనెవరికీ అందుబాటులో లేను' అని చెప్పడం అది. అయితే నిజజీవితంలో మార్పు కోరవలసిన అసంతృప్తి ఈ చదువులోనే చల్లారిపోతుందేమోనన్న శంక కూడా రాడ్వే దాచుకోలేదు. పెద్దమ్మ విషయంలో నా శంకా అదే.

తత్వశాస్త్రంలో దీనికి ఇంకో ముఖం ఉంది. లేదని తెలిసిన మనిషి కోసం మనం నిజంగా ఎలా ఏడుస్తామని కోలిన్ రాడ్‌ఫర్డ్ 1975లో అన్నా కెరనినా గురించి అడిగాడు. ఆ ఏడుపులో పొంతన లేదని తేల్చాడు. నాకలా అనిపించదు. లేని మనిషి కాబట్టే ఆమె గురించి మనం నిజం చెప్పగలం. జయంతి పక్షాన మాట్లాడితే పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ కోపం రాదు. భోజనం మానేసేవాళ్ళు లేరు, 'నీకెందుకు' అనేవాళ్ళు లేరు. కథలో చెప్పే తీర్పుకి మూల్యం చెల్లించనక్కర్లేదు, అందుకే అది నిజాయితీగా ఉంటుంది. కానీ ఆ కారణంగానే అది సగం తీర్పు కూడా. మూల్యం చెల్లించవలసి వచ్చినచోట కూడా అదే మాట అనగలిగితేనే అది పూర్తవుతుంది.

ఆ రెండో సగానికి మనిషికి కావలసింది ధైర్యమొక్కటే కాదు, తోడు. ఇది మన స్త్రీలకి తెలియని సంగతి కాదు. వాల్మీకి దాదాపు పట్టించుకోని ఊర్మిళని తీసుకుని తెలుగు స్త్రీలు 'ఊర్మిళాదేవి నిద్ర' అల్లుకున్నారు. పద్నాలుగేళ్ళ తరవాత తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఆ పాటలో ఊర్మిళ గుర్తుపట్టదు. ఎవడో పరాయివాడనుకుని, పరస్త్రీ జోలికొచ్చినవాళ్ళకి పట్టిన గతి చెప్పి హెచ్చరిస్తుంది. వదిలివెళ్ళినవాడితో ఒక భార్య నేరుగా అనలేని మాట అలా బయటికొచ్చింది. ఇష్టమైన కథలో ఖాళీ వెతికి, అందులో తమ మాట పెట్టడాన్ని ఇవాళ ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. అమెరికాలో స్టార్ ట్రెక్ అభిమానులు, వాళ్ళలో స్త్రీలు ముందుండి, 1967 నుంచే సొంత పత్రికలు వేసుకున్నారు. మన ఆడవాళ్ళు అంతకు ఎంతో ముందునుంచే ఆ పని చేస్తున్నారు. అయితే పాటని నలుగురూ కూర్చుని పాడుకున్నారు. పెద్దమ్మ పెన్సిల్ రాతలు ఇంకెవరూ చదవలేదు.

ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చినప్పుడు అరుణ ఇల్లు వదలడం సబబా కాదా అని మన ముందుతరం వాళ్ళు పక్కింటి అమ్మాయి గురించి వాదించుకున్నట్టు వాదించుకున్నారు. ఆ వాదన అరుణ గురించి మాత్రమే కాదని అందరికీ తెలుసు. పాత్రని ఇష్టపడటం అక్కడ ఒంటరి వ్యవహారంగా మిగల్లేదు.

నా దగ్గర ఎం.ఏ. చదివే ఒకమ్మాయి టీవీ సీరియళ్ళకి వేరే ముగింపులు రాస్తుంది. హాస్టల్ గదిలో నలుగురూ చదివి పోట్లాడుకుంటారట. 'ఆ కోడలికి మేం విడాకులు ఇప్పించాం మేడమ్' అంది ఒకసారి, చాలా గంభీరంగా. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న తన పెళ్ళిచూపుల్లో, పెళ్ళయ్యాక జీతం ఎవరి ఖాతాలో పడుతుందని అడిగిందట. ఆ సంబంధం కుదరలేదు. కథ వల్లే అడిగిందని నేననను. అడగడం మాత్రం ఆమెకి అలవాటైన పని. నలుగురి ముందు అడిగి, నలుగురి చేత కాదనిపించుకుని, మళ్ళీ అడిగిన అలవాటు అది.

తోడు ఉన్నంత మాత్రాన అభిమానం న్యాయమైపోదు. పెద్దమ్మ రాతల్లో కథానాయిక ఇంట్లో గిన్నెలు తోమే మనిషి గురించి ఒక్క మాటా లేదు. మనం ఇష్టపడేది మనలాంటివాళ్ళనే అయినప్పుడు, మన సానుభూతికీ గడప ఉంటుంది. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనల్ని ఒకచోటికి తెచ్చినప్పుడు, మనం గర్వంగా చెప్పుకునే స్త్రీల సాహిత్యంలో ఎవరు లేరో కనిపించింది. అభిమానులు నలుగురూ ఒకే గడప లోపలివాళ్ళైతే, ఎంత పోట్లాడుకున్నా ఆ గిన్నెలు తోమే మనిషి పేరు అడగాలన్న ఆలోచన రాదు. కాబట్టి కథని ఇష్టపడటంలో ఒక బాధ్యత ఉంది. నాకు నచ్చిన మనిషికి న్యాయం కోరినప్పుడు, ఆమె సుఖం కోసం కథలో ఎవరు అదృశ్యమయ్యారో చూడటం.

పాఠం చెప్పేవాళ్ళం, విమర్శ రాసేవాళ్ళం చాలాకాలం అమ్మాయిల్ని 'ఇలాంటివి ఎందుకు చదువుతావు' అని అడిగాం. ఆ ప్రశ్నకి సిగ్గు తప్ప జవాబు రాదు. దానికి బదులు, 'ఆమె ఎక్కడ క్షమించకుండా ఉండాల్సింది? నువ్వైతే ఏమడిగేదానివి?' అని అడిగి చూద్దాం. జవాబు పుస్తకంలో మొదలవుతుంది. ఎక్కువసేపు పుస్తకంలో ఉండదు.