గురి తప్పని సూదియు, హింసయు

రోగి దేహమున సూది గ్రుచ్చుట హింసయా అని అడిగినచో, వైద్యుడు మేలు కోరియే గదా చేయుచున్నాడని చాలమంది జవాబు చెప్పుదురు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఇంత సులువుగా విడిచిపెట్టదు. ప్రమాదమువలన, అనగా ఏమరుపాటువలన, ప్రాణమునకు కలుగు హానిని అది హింస యన్నది. మేలు కోరినంతనే సరిపోదు, చూచి చేయవలెను. ముని ముందు నేలను చూచి అడుగు వేయుట, ఈర్యాసమితి యనబడునది, ఇందులకే.

వైద్యమునకు ఈ చూపు ఎక్స్-కిరణములతో వచ్చినది. 1896లో బర్మింగ్‌హాములో జాన్ హాల్-ఎడ్వర్డ్స్ అను వైద్యుడు చేతిలో దిగబడిన సూదిని ఆ కిరణముల చిత్రములో చూపెను. వాని కీడు నాటికి ఎవరికిని తెలియదు. 1908లో ఆయన ఎడమచేతిని తీసివేయవలసి వచ్చెను.

నేడు కాలేయములోని గడ్డనుండి పరీక్షకు చిన్న ముక్క తీయుటకు సాధారణముగా పొట్ట కోయనక్కరలేదు. అల్ట్రాసౌండు తెరపై దారి చూచుచు, రక్తనాళములను తప్పించి సూదిని పోనిత్తురు. కాని తెర చూపునది పలుచని పొర మాత్రమే. సూది ఆ పొరనుండి ప్రక్కకు తొలగినచో, కనబడు చుక్క మొన కాక నడిమిభాగము కావచ్చును. మొన అప్పటికే లోతునకు పోయియుండును. కానరానివాడు తెలియలేదని యైనను చెప్పుకొనగలడు. త్రాసు ఎదుట నుంచుకొని తూకము తప్పిన వర్తకునికి ఆ మాట చెల్లదు.

అయితే అసలు చిక్కు సూది గురి తప్పనప్పుడే యున్నది. గర్భస్థశిశువునకు తగులకుండ ఉమ్మనీరు తీయు పద్ధతి వ్యాధులను కనుగొనుటకై వచ్చినది. మన దేశమున 1970ల నుండి దానిని ఆడుపిల్లను గుర్తించి తొలగించుకొనుటకు వాడిరి. మహారాష్ట్రము 1988లోను, కేంద్రము 1994లోను దీనిని నిషేధించుచు చట్టములు చేసినవి. తరువాత సూదియు అక్కరలేక తెర యొక్కటే చాలెను. ఆ గదిలో చేయి వణకలేదు, చూపు తప్పలేదు. కాని శాస్త్రకారులు ప్రమాదములో క్రోధ మాన మాయా లోభములను గూడ చేర్చియున్నారు. పుట్టని పిల్లకు కట్నము లెక్కగట్టినది లోభము గాక మరేమి?

2001 జనగణనలో ఆరేండ్లవరకు గల జైన బాలురు వేయిమందికి బాలికలు 870 మంది. దేశము మొత్తముమీద 927. ప్రొద్దు గ్రుంకక ముందే భుజించి, నీరు వడగట్టి త్రాగు ఇండ్ల లెక్క యిది.