అమ్మ ముడేసిన మూట

మాదాపూర్‌లో మా ఆఫీసు ఫ్లోరు మీదికి వెళ్లాలంటే ఫోను లాకర్లో పెట్టాలి. పెన్నూ కాగితమూ లోపలికి రానివ్వరు. నేను మెడికల్ కోడర్‌ని. అమెరికాలో డాక్టరు రాసిన నోట్సు చదివి జబ్బుకు కోడు వేస్తాను, ఆ కోడును చూసే అక్కడ ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు కడతారు. 2015 అక్టోబరు 1న అమెరికా జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-9 వదిలి ఐసీడీ-10కి మారినప్పుడు ట్రైనీని. అప్పటినుంచి ఎన్ని వేలమంది గుట్టు చదివానో లెక్కలేదు. ఎక్కడో ఒహాయోలో ఎవరికి కడుపు పోయిందో, టెక్సాస్‌లో ఎవరు మెట్ల మీంచి పడ్డానని చెప్పి ఒంటిమీద వేళ్ల గుర్తులతో వచ్చారో నాకు తెలుసు. మా ఆయనకు తెలియదు.

ఏటా మాకు హిపా పరీక్ష ఉంటుంది. రోగుల గుట్టు కాపాడమనే 1996 నాటి అమెరికా చట్టం అది. ఆసుపత్రుల తరఫున పనిచేసే కంపెనీలను కూడా నేరుగా బాధ్యులను చేస్తూ 2009లో ఇంకో చట్టం తెచ్చారు. దాని పొట్టి పేరు హైటెక్! హైటెక్ సిటీలో కూచుని హైటెక్ చట్టానికి జడుస్తున్నాం కదా అని ఇప్పటికీ నవ్వొస్తుంది.

మా ఫ్లోరు మీద సగానికిపైగా ఆడవాళ్లమే. ఆడదాని నోట నువ్వుగింజ నానదనే సామెత వినిపిస్తే ఒళ్లు మండుతుంది. ఆ మాటకు మూలం ధర్మరాజు శాపమంటారు. యుద్ధం ముగిసి చచ్చినవాళ్లకు తర్పణాలు వదిలే వేళ, కర్ణుడు నీ అన్నేనని కుంతి బయటపెట్టింది. అన్నను చంపించుకున్న దుఃఖంలో ఆయన, ఇకమీదట ఆడవాళ్ల దగ్గర రహస్యం నిలవకూడదని శపించాడు. దాచినందుకు ఒకామె మీద వచ్చిన కోపం, దాచలేరన్న నింద అయి మా అందరి నెత్తినా పడింది. మేం మాత్రం నువ్వుగింజ కాదు, పుట్లకు పుట్లు నానబెట్టుకుని కూచున్నాం అనుకునేదాన్ని. అమ్మ విషయంలో నా గొప్ప తేలిపోయింది.

నాన్న పోయాక అమ్మ సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఆమెది బటన్ల ఫోను. అందుకని ఆధార్‌కు నా నంబరే, బ్యాంకుకు నా నంబరే. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక, అమ్మకు ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు తీయించిందీ నేనే. బీపీ రిపోర్టులు పోగొట్టుకోకుండా ఉంటుందని. ఏర్పాటు నిజంగా మంచిదే. రికార్డు ఏ ఆసుపత్రిది ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది, రోగి సరేనంటేనే ఇంకొకరికి కదులుతుంది.

ఓరోజు టీ బ్రేకులో లాకరు తీస్తే, అమ్మ ఆభాకు కొత్త రికార్డు జతయిందని మెసేజ్. డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు నాకు చెప్పలేదే! యాప్ తెరిచాను. చూడటానికి అంగీకరిస్తున్నారా అని అడిగింది. అడిగింది అమ్మను. నొక్కింది నేను.

ఉన్నవి నాలుగే వరుసలు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆకలి లేదు. ఇంట్లో ఒంటరి. పొద్దుగూకితే భయం. అలవాటైన బుర్ర ఆగదు కదా, చదువుతుంటేనే కోడ్లు వేసేసింది. జీ47.00, నిద్రలేమి. జెడ్60.2, ఒంటరిగా బతకడం వల్ల వచ్చే ఇబ్బంది. అవును, దానికీ ఓ కోడుంది. కన్నతల్లికి కోడు వేసినదాన్ని నేను.

రాత్రి ఫోన్ చేసి, నిద్ర పడతలేదా అమ్మా, అని అడిగాను.

చాలాసేపు పలకలేదు. “నీకెవరు జెప్పిండ్రు?” అంది. చెప్పాను. “నీకు జెప్పేదుంటే నీకే జెప్పకపోదునా బిడ్డా? ఆయన డాక్టరు గనక జెప్పిన.”

బిడ్డకు తల్లి జబ్బు తెలియడం తప్పెలా అవుతుందని రెండు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. దాస్తే ప్రాణం మీదికి వస్తుందన్నది అబద్ధం కాదు, కుంతి కథే సాక్ష్యం. కానీ ధర్మరాజు ఏడ్చింది లోకానికి తెలియలేదని కాదు. తెలియాల్సిన తనకు తెలియలేదని. అమ్మ కడుపులో మాటకు తెలియాల్సినవాణ్ణి అమ్మే ఎంచుకుంది. అది నేను కాదు.

ఇలా నమ్మి చెప్పుకున్న మాటకు మన స్మృతుల్లో దగ్గరి పదం ఒకటుంది, ఉపనిధి. లోపల ఏముందో చెప్పకుండా మూటగట్టి నమ్మి అప్పగించిన సొత్తు. ఎలా ఇచ్చారో అలాగే తిరిగివ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి. దాన్ని సొంతానికి వాడుకుని సంపాదిస్తే శిక్షించి, వడ్డీతో సహా కక్కించమంది. మనువు చెప్పిన 18 వ్యవహారపదాల్లో, అంటే తగవు రకాల్లో, రెండోది నిక్షేపం, అంటే దాచమని అప్పగించిన సొత్తు; మూడోది అస్వామివిక్రయం, అంటే తనది కానిదాన్ని అమ్ముకోవడం. రోగుల వివరాలతో వ్యాపారం చేసేవాళ్లకు ఈ రెండూ పక్కపక్కనే ఉండటం తగిన వరస. 2023లో మనం తెచ్చుకున్న డేటా చట్టంలో మాత్రం ఆరోగ్య వివరాలకంటూ ప్రత్యేకమైన అర లేదు. అది లోపమే అంటాను.

పోలిక కాస్త కుంటుతుంది, ఒప్పుకుంటాను. వైద్యుడి ముందు మూట విప్పక తప్పదు. కానీ విప్పే హక్కు ఆ గదిలోని ఇద్దరిదే. దారిలో మోసేవాళ్లందరికీ, యాప్‌కూ, సర్వర్‌కూ, కూతురికీ అది కట్టిన మూటే.

పండక్కి ఊరెళ్లినప్పుడు, రాత్రప్పుడు ఏదైనా అయితే ఏం మందులు వాడుతున్నావో నాకు తెలియొద్దా అని బతిమాలాను. అమ్మ ఆలోచించింది. “గోలీల పేర్లు రాస్కో. మాటలు మాత్రం అడగకు,” అంది. అమెరికా చట్టాలు ఇన్నేళ్లు చదివిన నాకు ఇంత తేటగా ఎవరూ గీత గీసి చూపించలేదు.

ఆధార్‌లో, ఆభాలో నంబరు మార్పించాం. ఇప్పుడు ఓటీపీ అమ్మ బటన్ల ఫోనుకే వస్తుంది. మొన్న మళ్లీ డాక్టరు దగ్గరికి పోయొచ్చిందని పక్కింటామె చెప్పింది. ఏం చెప్పుకుందో నాకు తెలియదు.