సర్వర్ నడిపేది ఎవరు?

ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలంటుంది భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం 14వ శ్లోకం. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. రెండు శ్లోకాల తర్వాత 16వ శ్లోకం, తానొక్కడినే కర్తనని చూసేవాడికి చూపే లేదని తేల్చేస్తుంది. లినక్స్ సర్వర్‌ను చూసుకునే మనిషికి ఈ విభజన వేదాంత చర్చగానే మిగిలిపోదు. ఆ యంత్రంలో 'రూట్' ఖాతాకు అడ్డు చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. ఎవరి ఫైలునైనా చదవవచ్చు, దేన్నయినా చెరిపేయవచ్చు. అంత అధికారం చేతికి వచ్చినవాడికి అంతా తనవల్లే నడుస్తోందనే భ్రమ కలగడం తేలిక.

అధిష్ఠానమంటే శరీరమని శంకరుల వ్యాఖ్య. సర్వర్‌కు ఆ శరీరం డిస్కు, మెమరీ, కరెంటు. శ్రీకాకుళం జిల్లా కొసన కంచిలి లాంటి మండల కేంద్రంలో ఒక కాలేజీకో సొసైటీకో చిన్న సర్వర్ ఉంటే, ముందు చూడాల్సింది కరెంటే. యూపీఎస్ కొని పక్కన పెట్టినంత మాత్రాన సరిపోదు. బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కు తెలియాలి, తెలిసి తనంతట తాను పద్ధతిగా ఆగిపోవాలి. 'నట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ కబురు అందిస్తుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో జర్నల్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లున్నారు. కరెంటు ఉన్నట్టుండి పోతే ఆ జర్నల్ ఫైల్‌సిస్టమ్ కట్టుబడిని కాపాడుతుందే గాని, డిస్కు దాకా చేరని రాతలను తెచ్చి ఇవ్వలేదు.

అసలు చిక్కు కర్త దగ్గర. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామ్ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు, రెండో సర్వర్‌లో చెరపాల్సిన డేటాబేస్ ఫోల్డరును అసలు సర్వర్‌లో చెరిపేశాడు. ఆపేలోపే సుమారు 300 గిగాబైట్లు పోయాయి. చెరిపింది అతనే, సందేహం లేదు. కాని బ్యాకప్ కోసం పెట్టుకున్న అయిదు పద్ధతుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే పనిముట్టు వెర్షన్ ఇంకొకటి కావడంతో రోజువారీ బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. ఇందులో కర్త ఎవరు? నొక్కిన వేలొక్కటే కాదని ఆ సంస్థ బయటపెట్టిన నివేదిక చదివితే తెలుస్తుంది. తప్పు మనిషి మీదికి తోసేయకుండా కారణాలన్నీ వెతికే ఈ పద్ధతికి 16వ శ్లోకంతో పొత్తు కుదురుతుంది.

అయితే పక్కనే 17వ శ్లోకం ఉంది. 'నేను' అనే భావం లేనివాడు చంపినా చంపినవాడు కాడని అది అంటుంది. అది జ్ఞాని స్థితిని గురించిన మాట. 'సిస్టమే అలా ఉంది, నేనేం చేయను' అనే అడ్మిన్ నోట అదే మాట తప్పించుకునే దారి అవుతుంది. అయిదు కారణాల్లో కర్త కూడా ఒకడు. అతన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది నాలుగే. కాబట్టి చెరిపే ముందు ఏ సర్వర్‌లో ఉన్నామో 'హోస్ట్‌నేమ్' కొట్టి చూసుకోవడం అతని వంతు. నెలకోసారైనా బ్యాకప్‌ను వేరే యంత్రం మీదికి ఎక్కించి, తెరిచి చూడడమూ అతని వంతే. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్ ఉందని చెప్పుకోవడం నమ్మకమే తప్ప ప్రమాణం కాదు.

కరణాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎవరి పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ స్పష్టంగా రాశారు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టిన 'సుడో' ఆ సూత్రానికి చేతి పనిముట్టు. రూట్ పాస్‌వర్డు నలుగురికీ పంచితే ఎవరేం చేశారో తేలదు. సుడోతో ఒక్కొక్కరికి కావలసిన ఆదేశాలే ఇవ్వవచ్చు, ఎవరు ఏది వాడారో లాగ్‌లో పడుతుంది. ఆ లాగ్ మరో యంత్రంలో కూడా ఉండాలి. రూట్ తన జాడను తానే చెరుపుకోగలడు మరి.

చేష్టలంటే ప్రాణం, అపానం లాంటి వాయువుల కదలికలని శంకరులు చెప్పారు. అడగకుండానే లోపల సాగే పనులన్నమాట. సర్వర్‌లో వేళకు వాటంతటవే జరిగే క్రాన్ పనులు, వెనకాల నడిచే సర్వీసులు అలాంటివి. పడిపోయిన సర్వీసును, సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ మళ్లీ మళ్లీ లేపుతుంటే బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎన్నిసార్లు లేపిందో 'జర్నల్‌సీటీఎల్' చెబుతుంది. అడిగేవాళ్లుండాలి.

ఇక దైవం. కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకు తోడ్పడే దేవతలని శంకరులు, అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. తలరాత అనే అర్థం ఇద్దరూ చెప్పలేదు. వాడుకలో మాత్రం చేతగానిదంతా దైవం ఖాతాలో పడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలికి అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ గాలి దైవం. బ్యాకప్ డిస్కు సర్వర్ ఉన్న గదిలోనే ఉండడం దైవం కాదు. కంచిలిలో ఒక నకలు, దగ్గర్లోని సోంపేటలో ఇంకొకటి పెట్టినా రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నట్టే. విశాఖలో పెట్టుకుంటే నయమే, అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్నీ వదల్లేదు. తీరానికి దూరంగా, హైదరాబాదులో ఒక నకలు ఉండాలి. రాత్రిపూట నడిపే 'ఆర్‌సింక్' మారిన భాగాలనే పంపుతుంది కాబట్టి సన్నని లైనైనా సరిపోతుంది. అద్దం పట్టినట్టు నకలు తీసే పద్ధతిలో ఇక్కడ పోయిన ఫైలు అక్కడా పోతుంది గనుక, పాత తేదీల నకళ్లు కొన్ని విడిగా ఉంచాలి.

తుపాను వెళ్లాక కరెంటు వచ్చీరాగానే సర్వర్‌ను ఆన్ చేయడం తొందరపాటు. వోల్టేజి నిలకడపడే దాకా ఆగాలి. తర్వాత డిస్కు ఆరోగ్యాన్ని 'స్మార్ట్‌సీటీఎల్'తో చూసి, ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయకముందే 'ఎఫ్‌ఎస్‌సీకే'తో సరిచూడాలి. డేటాబేస్‌ను ఆ తర్వాతే లేపాలి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ నీరసించి ఉంటే గడియారం వెనక్కి పోయి ఉంటుంది. సర్టిఫికెట్లు చెల్లవనడానికి చాలాసార్లు అదే కారణం. పైగా తేదీ తప్పితే లాగ్‌లో ఏది ముందో ఏది వెనకో తేలదు. అందుకని మిగతా సర్వీసులకన్నా ముందు టైము సరిచేయాలి.