తడిలో ఒక ఈగ, మట్టిలో ఒక ఈగ

మంజీరా నది మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. కాలువ పారినంత మేర వరి. నీరెక్కని మెట్టన మామిడి. అక్కడొక ఈగ, ఇక్కడొక ఈగ.

వరిలో ఉండేది ఉల్లికోడు. చూడటానికి దోమలా ఉంటుంది. ఈగల వర్గానిదే. దీనికి తడి కావాలి. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆకు మీది మంచు తడిలో పాకుతుంది. మెల్లగా పిలక మొదలు చేరుతుంది. లోపలే తింటుంది, లోపలే పెరుగుతుంది. ఆ పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది. ఇక కంకి వేయదు. కళ్లముందే పచ్చగా నిలబడి గింజ ఇవ్వని పైరు కన్నా రైతుకు బాధ ఏముంటుంది!

మామిడిలో ఉండేది పండుఈగ. దీనికి మట్టి కావాలి. తల్లి ఈగ పండబోయే కాయ తొక్కను గుచ్చి గుడ్లు పెడుతుంది. పురుగులు గుజ్జు తింటాయి. పండు రాలాక నేలలోకి దూరతాయి. అక్కడే ఈగలుగా మారతాయి.

ఒకదానికి తడి, ఒకదానికి మట్టి. కాబట్టి కాపుదల కూడా వేరే. వరిలో ఉల్లికోడును తట్టుకునే రకం ఎంచుకోవాలి, నాటు ఆలస్యం కానివ్వకూడదు. తోటలో రాలిన పండ్లు ఏరి పూడ్చాలి. చెట్ల కింద దున్నితే మట్టిలో దాగినవి ఎండకు, పిట్టలకు దొరుకుతాయి. మిథైల్ యూజినాల్ ఎర కడితే మగ ఈగలు వాసనకు వచ్చి అందులో పడతాయి.