ముందు ఆ కంప్యూటర్ ఆపెయ్యి తల్లీ

అమ్మలూ,

పొద్దున నువ్వు ఫోన్‌లో ఏడుస్తూ "పెదనాన్నా, నాన్నమ్మ పాటలు పోయాయి" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. నీకు చెప్పాల్సినవి సగం చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది నీ ఫోన్‌లో చదువుకో. చదవడం అయ్యేదాకా ఆ కంప్యూటర్ జోలికి వెళ్లకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. మన ఊళ్లో అడంగల్ నీకు తెలుసు కదా. అందులో రైతు పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పంట మాయం కాదు. ఇంకొకరు వచ్చి ఆ చేను దున్ని వేరే పైరు వేసినప్పుడే పోతుంది. హార్డ్ డిస్క్ కూడా అంతే. ఫైల్ డిలీట్ చేస్తే దాని పేరు పట్టీలోంచి పోతుంది, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. పాట మాత్రం అక్కడే ఉంటుంది, దానిమీద ఇంకోటి వచ్చి పడేదాకా. నువ్వు డౌన్‌లోడ్ చేసే సినిమా కావచ్చు, ఫోన్ నుంచి ఎక్కించే ఫొటోలు కావచ్చు, ఊరికే విండోస్ తనకు తాను వేసుకునే అప్‌డేట్ కావచ్చు, ఏదైనా వెళ్లి సరిగ్గా ఆ చోట కూర్చోవచ్చు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. 2004లో మీ తాతయ్య భాగవతం పద్యాలు చదువుతుంటే మైకు పెట్టి నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. రెండు గంటల పారాయణం. ఆయన పోయిన ఏడాదికి ఆ ఫోల్డర్ కనబడలేదు. కంగారులో అదే డిస్క్ మీదికి నాలుగు రకాల రికవరీ సాఫ్ట్‌వేర్లు దించి, ఒకదాని తర్వాత ఒకటి వేశాను. చివరికి నాకు దక్కింది పదకొండు నిమిషాలు. మిగతా చోట నేను దించిన సాఫ్ట్‌వేర్లే ఉన్నాయి. వెతకడానికి వెళ్లి నేనే తొక్కేశానమ్మా. ఆ బాధ నీకు వద్దు.

నీ విషయంలో నాకు ఆశ ఉంది. ఐట్యూన్స్ జాబితాలో పాటల పేర్లు కనబడుతున్నాయనీ, నొక్కితే పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు వస్తోందనీ అన్నావు. ఐట్యూన్స్‌లో ఆ గుర్తు వస్తే పాట చచ్చిపోయిందని కాదు, చెప్పిన చిరునామాలో అది లేదని. ఐట్యూన్స్ తన దగ్గర రాసి పెట్టుకునేది పాట ఎక్కడుందన్న దారి మాత్రమే. నువ్వు దసరాకి చోటు చాలక ఫోల్డర్లు అటూ ఇటూ జరిపానన్నావు కదా, అక్కడే నాకు అనుమానం. బయటి డిస్క్ తీసి మళ్లీ పెట్టినప్పుడు నిన్నటిదాకా ఇ డ్రైవ్ అని ఉన్నది ఇవాళ ఎఫ్ డ్రైవ్ అయినా ఇంతే జరుగుతుంది. పాటలు ఉన్నచోటే ఉంటాయి, ఐట్యూన్స్ పాత ఇంటి తలుపు కొడుతూ ఉంటుంది.

కాబట్టి ముందు వెతుకు. ఇంటర్నెట్ తీసేసి కంప్యూటర్ వేసి, ఏమీ సేవ్ చేయకుండా, డిస్క్ మొత్తంలో వెతుకు. పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, సైజు పట్టుకుని వెతుకు. నాన్నమ్మ పాటలున్న క్యాసెట్లు అరవై నిమిషాలవి, ఒక్కో వైపు అరగంట. సీడీ నాణ్యతతో డబ్ల్యూఏవీగా ఎక్కించి ఉంటే ఒక్కో వైపు సుమారు 300 ఎంబీ ఉంటుంది. 128 రేటు ఎంపీ3 చేసి ఉంటే 30 ఎంబీ దాకా ఉంటుంది. అదే రేటులో మామూలు సినిమా పాట నాలుగైదు ఎంబీలే ఉంటుంది కాబట్టి, పెద్దవి పైకి వచ్చేలా వరుస పెడితే అవి వాటంతట అవే బయటపడతాయి. రీసైకిల్ బిన్ చూడు. బయటి డిస్క్ పెట్టి అక్కడా చూడు. ఈమధ్య విండోస్ మళ్లీ వేయించి ఉంటే సి డ్రైవ్‌లో విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడు. పాతవన్నీ అందులో ఉండే అవకాశం ఉంది. అయితే కొత్త వెర్షన్‌కి మారిన పది రోజులకు అది దానంతట అదే పోతుంది, ఆలస్యం చేయకు. వన్‌డ్రైవ్ వాడుతుంటే ఫోన్‌లోంచే దాని రీసైకిల్ బిన్ చూడవచ్చు, అక్కడ 30 రోజులు ఉంచుతారు.

ఇవన్నీ చూసినా లేవంటే, నిజంగా డిలీట్ అయ్యాయని అనుకుని కంప్యూటర్ మళ్లీ ఆపెయ్యి. ఇక తవ్వకం. దీనికి ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు చూసి ఫొటోలకే అనుకోకు, పాటల ఫైళ్లూ తీస్తుంది. దాన్ని వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టు. దొరికినవాటిని ఇంకో డిస్క్ మీదికే తీయాలి, పోయిన డిస్క్ మీదికి ఒక్క ఫైల్ కూడా వద్దు. నీ లాప్‌టాప్‌లో ఉన్నది పాత రకం తిరిగే డిస్కో, ఎస్ఎస్‌డీనో ఈ రాత్రి నాకు చెప్పు. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. డిలీట్ చేసిన చోటును అదే కాసేపట్లో శుభ్రం చేసేస్తుంది, తవ్వినా దొరికేది తక్కువ. నీకు అబద్ధం చెప్పి ఆశ పెట్టలేను.

ఫొటోరెక్ తీసినవాటికి పాత పేర్లు రావు. ఎఫ్ అక్షరం, వెనక అంకెలు, అంతే. సినిమా పాటలకైతే ఎంపీ3 లోపలే పాట పేరు, సినిమా పేరు రాసి ఉంటాయి, ఆ ట్యాగ్ చూసి మళ్లీ పేర్లు పెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఘంటసాల పాటలు ఎక్కడైనా దొరుకుతాయి కూడా, వాటి కోసం రాత్రిళ్లు మేలుకోకు. నాన్నమ్మ నలుగు పాటకి, అప్పగింతల పాటకి ట్యాగ్ ఎవరు రాశారు? అవి వింటేనే తెలుస్తాయి. విను తల్లీ, ఒక్కొక్కటీ విను. వెనక కవ్వం చప్పుడు, మధ్యలో "ఎవర్రా గుమ్మంలో" అన్న ఆవిడ కేక వినబడితే, అది మనదే.

ఒకవేళ డిస్క్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే పైన రాసినదేదీ చేయకు. వెంటనే కరెంటు తీసెయ్. స్క్రూలు విప్పనివ్వకు, ఎంత తెలిసినవాడైనా సరే. దుమ్ము పడితే ఇక అంతే. డేటా తీసేవాళ్ల దగ్గరికే వెళ్దాం. ఎక్కువే అడుగుతారు. ఆ డబ్బు నేనిస్తాను, మీ నాన్నతో చెప్పాల్సిన పని లేదు.

పాటలు దొరికిన రోజునే మూడు కాపీలు చేద్దాం. ఒకటి నీ దగ్గర, ఒకటి వేరే డిస్క్‌లో మీ అత్త ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో. క్లౌడ్ ఒక్కటే చాలదు, కంప్యూటర్‌తో సింక్ పెట్టి ఉంటే ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా పోతుంది. మైస్పేస్ అంత పెద్ద సంస్థే 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో చెప్పింది.

అసలు క్యాసెట్లు ఆరు నా బీరువాలో ఉన్నాయి. రెండింటి టేపు అంటుకుపోయింది, మిగతా నాలుగు ఎలా ఉన్నాయో రేపు తీసి చూస్తాను. టేప్‌రికార్డర్ హెడ్ తుడవాలి, దానికి స్పిరిట్ తెప్పించాను. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, అప్పుడు ఇద్దరం కలిసి వెతుకుదాం. అప్పటిదాకా అన్నం తిని కాసేపు పడుకో.

మీ పెదనాన్న