అడిగి కూల్చండి

రాజధానిలోని రాళ్లు ఎవరివి? ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లం మేమడిగితే వింతేం కాదు. మా కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని. అప్పుడు గుడారాల్లో కూడా సర్కారు ఆఫీసులు నడిచాయి. భవనం లేకపోతే పాలన ఆగదని మాకు అప్పుడే తెలుసు.

హైదరాబాదులో 2020 జూలైలో పాత సచివాలయాన్ని కూల్చారు. ఆరో నిజాం కాలపు సైఫాబాద్ ప్యాలెస్ పోయింది. రెండు మసీదులు, నల్లపోచమ్మ గుడి పోయాయి. శిథిలాలు పడి దెబ్బతిన్నాయన్నారు. ముఖ్యమంత్రి కేసీఆర్ విచారం వెలిబుచ్చి, మళ్లీ కట్టిస్తామన్నారు. 2023 ఏప్రిల్ 30న అంబేద్కర్ పేరుతో కొత్త భవనం తెరిచారు. ఆగస్టులో గుడి, మసీదు, చర్చి తెరిచారు.

మాట నిలబెట్టుకున్నారు, నిజమే. చివరికి కోర్టూ అడ్డు చెప్పలేదు. కానీ చట్టం ఒప్పుకుంటే ఇన్సాఫ్ జరిగినట్టేనా? కొత్త మసీదు ఇచ్చారు కదా అంటారు. ఒకరు ఇచ్చేవాళ్లు, ఒకరు చెయ్యి చాపేవాళ్లు ఎప్పుడయ్యారు? అంబేద్కర్ రాజ్యాంగంలో మనమందరం సమానులమే గదా!

మాకు దయ వద్దు. కూల్చే ముందు అడగండి, చాలు. మసీదైతే నమాజు చదివేవాళ్లను, గుడైతే పోచమ్మకు మొక్కేవాళ్లను, ప్యాలెస్సయితే అందరినీ.