మడి కట్టకముందు



షోలాపూరు వంటి నల్లరేగడి నేలలలో కాపురమున్న మనవారు వర్షకాలమున వంగ, మిరప నాటదలచినచో ఎత్తుమడి కట్టుట మేలు. లేనియెడల నీరు నిలిచి వేళ్లు కుళ్లును. మడి వెడల్పు 4 అడుగులు మించరాదు. దానిలో కాలు పెట్టకుండ ఇరువైపుల నుండి చేయి అందవలెను గదా.

మొదట అడుగునేలను గునపముతో జానెడు లోతు గుల్ల చేయుదుము. ఈ పని ఎవరికిని కనబడదు, నడుము మాత్రము నొచ్చును! అందుకే పలువురు దీనిని మాని, గట్టినేల మీదనే కొత్తమన్ను పోయుదురు. పిదప బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపుదుము. పచ్చిపేడ వేసినచో లేతవేళ్లు మాడును, చెదలు పట్టును. తడిపి రెండు వారములు విడిచినచో కలుపు మొలచును; దానిని పెరికిన తరువాతనే నారు.

మన బిడ్డలలో అనేకులు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులలో చదివినవారు. తెలుగు బైబిలు చదువలేరు. వీరివలన సంఘమునకు ఫలమేమి అని మనలో కొందరు పెద్దలు విసుగుకొనుచున్నారు. లూకా 13వ అధ్యాయములోని యజమానుడును మూడేండ్లు చూచి విసిగెను. అంజూరపు చెట్టు కాయలేదన్న మాటను తోటమాలి కాదనలేదు. ఒక్క యేడు గడువడిగి, మట్టిపని తనమీద వేసికొనెను.

ఆ బిడ్డల చుట్టు మనము ఎన్నడు త్రవ్వితిమి? ఆరాధనలో అందరియెదుట మందలించుట పచ్చిపేడయే. పెద్దలమైన మనము ఒక్కొక్కరము ఇద్దరేసి పిల్లలను వారమునకొక సాయంత్రము కూర్చుండబెట్టుకొని, గుణింతములు మొదలు మార్కు సువార్త వరకు చదివింతుమా? మరుసటి యేట ఆ చెట్టు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు.